ఉజ్మా చేతి సైజు

జూలై 29, మంగళవారం

శ్రావణమాసం వస్తే మా గాజుల కొట్టు పెళ్ళివారిల్లే. పొద్దున షట్టర్ ఎత్తింది మొదలు దించేదాకా చేతులే చేతులు. పై శుక్రవారం వరలక్ష్మీవ్రతం. నరసరావుపేటలో ఉన్న ఆడవాళ్ళందరికీ ఒక్కసారే గాజులు గుర్తొచ్చినట్టున్నాయి.

వచ్చినవాళ్ళలో సగం మంది మాత్రం గాజుల కోసం రాలేదు. నా చేత తిట్లు తినడానికి వచ్చారు. ఇదంతా మా తమ్ముడి పెళ్ళాం పుణ్యం.

జూన్ మొదట్లో ఒకావిడ రెండు ఎనిమిది సైజు చెయ్యి పెట్టుకుని, రెండు నాలుగు గాజులు తొడగమని భీష్మించుకు కూర్చుంది. తొడిగితే పగులుతున్నాయి, పగిలితే నా సరుకు మంచిది కాదంటుంది. "అమ్మా, అది చెయ్యా, గుమ్మడికాయా? నీ చెయ్యి నువ్వు చూసుకోకుండా నా గాజును తిట్టబాక" అన్నాను. ఉజ్మా వెనక నుంచి ఫోన్‌లో తీసి, పాట తగిలించి, రీలు పెట్టేసింది. ఇప్పుడు సత్తెనపల్లి నుంచి కూడా దిగుతున్నారు. ఇవాళ ఒకమ్మాయి "అక్కా, నన్ను కూడా కాస్త తిట్టవా, మా ఆయన వీడియో తీసుకుంటాడు" అని బతిమాలింది. తిట్టాను. సంతోషంగా మూడు డజన్లు కొనుక్కుని పోయింది.

వ్యాపారం పెరిగిన మాట నిజమే. అయితే మాత్రం నేనేమన్నా కోతినా, ఊరంతా చూసి నవ్వడానికి? ఆ రోజే ఉజ్మాతో అన్నాను, "ఇంకోసారి నా కొట్టు గడప తొక్కబాక" అని. అప్పటి నుంచి ఆమె నాతో మాట్లాడదు. నేనూ మాట్లాడను. ఉండేది మూడు గదుల ఇల్లు.

"అత్తా, ఆమెకు చెప్పండి, అన్నం చల్లారిపోతందని."

"అమ్మా, ఆమెకు చెప్పు, నాకు ఆకలి లేదని."

మధ్యలో అమ్మ ఇటూ అటూ తల తిప్పీ తిప్పీ మెడనొప్పి తెచ్చుకుంది. సుహైల్ సంగతి సరేసరి. ఇంట్లో పెళ్ళానికీ అక్కకీ మాటల్లేవని తెలిసిన దగ్గర నుంచి ఊళ్ళో ఉన్న బైకులన్నీ వాడి షెడ్డులోనే చెడిపోతున్నాయి.

ముందు మాట్లాడినవాళ్ళు ఓడినట్టు. నేను ఓడను.

జూలై 30, బుధవారం

ఉజ్మా గాజులు చప్పుడు చెయ్యడం లేదు.

కడుపుతో ఉన్న ఆమెకు ఏడో నెలలో నేనే తొడిగాను. మాటల్లేకపోయినా ఆ పని ఇంకొకరి చేతిలో పెట్టలేను కదా. చెయ్యి లాక్కుని తొడిగి, లేచి వచ్చేశాను. ఆకుపచ్చ మట్టి గాజులు, రెండు నాలుగు. ఆమెది ఇంట్లో అందరికంటే చిన్న చెయ్యి. అప్పుడు గిన్నె తోమినా, తలుపు తీసినా గలగలమనేవి. ఇవాళ అన్నం పెడుతుంటే చూశాను. మణికట్టు దగ్గర బిర్రుగా పట్టేసి ఉన్నాయి. మొహం కూడా పొద్దున్నే ఉబ్బినట్టు ఉంటోంది.

అమ్మతో చెప్పాను. "దాని చేతులు ఉబ్బినయ్యి, ఆసుపత్రిలో చూపించుకోమని చెప్పు."

అమ్మ నవ్వింది. "ఎనిమిదో నెల్లో ఒళ్ళు చెయ్యక ఏం చేస్తదే? నీరు పట్టుద్ది, కాన్పయితే అదే పోద్ది. నువ్వు కడుపులో ఉన్నప్పుడు నా కాళ్ళు ఇంతింత. ఇట్టా ఒళ్ళొస్తే మగపిల్లోడే, రాసిపెట్టుకో."

రాసిపెట్టుకున్నాను.

నేను చెప్పాల్సింది చెప్పాను. అమ్మకు చెబితే ఆమెకు చెప్పినట్టే.

జూలై 31

తలనొప్పని పడుకుంది. అమ్మ బామ్ రాసింది. రేపు పొద్దున తీసుకుపోతాలే అన్నాడు సుహైల్.

నేను ఆమె గది గుమ్మం దాకా వెళ్ళాను. దుప్పటి కోసం. దుప్పటి తెచ్చుకోవడం మర్చిపోయాను.

ఆగస్టు 1, శుక్రవారం

ఉజ్మాకు ఫిట్స్ వచ్చాయి. ఆసుపత్రిలో ఉన్నాం. రాయలేను.

ఆగస్టు 2, శనివారం

రాయకపోతే బుర్ర పనిచేసేట్టు లేదు. రాస్తాను.

నిన్న పొద్దున వంటింట్లో దొండకాయలు తరుగుతూ "అత్తా, కళ్ళ ముందు మెరుపులొస్తన్నయ్" అంది. అంతే, పక్కకు ఒరిగిపోయింది. చేతులూ కాళ్ళూ కొట్టుకున్నాయి. అమ్మ దాని చేతిలో తాళంచెవులు పెట్టడానికి పరిగెత్తింది. సుహైల్ వీధిలోకి పరిగెత్తి ఆటోకు అడ్డం పడ్డాడు. ఆటోలో దాని తల నా ఒళ్ళోనే ఉంది.

ఆసుపత్రిలో బీపీ చూసి డాక్టర్ పూర్ణిమ గారు పక్కనున్నవాళ్ళను కేకేశారు. కడుపుతో ఉన్నవాళ్ళకు బీపీ ఇలా పెరిగితే ఫిట్స్ వస్తాయట. ఇంజెక్షన్లు ఇచ్చి ఫిట్స్ ఆపారు. బిడ్డను వెంటనే తీస్తేనే తల్లి దక్కుతుందన్నారు.

ధరణి సిస్టర్ కత్తెర తెచ్చింది, గాజులు పగలగొట్టి తీసేస్తామని. సూదులు పెట్టాలి, ఒంటిమీద ఏమీ ఉండకూడదు. అమ్మ అడ్డం పడింది. "కాన్పు కాకుండా గాజులు పగలగొట్టకూడదమ్మా, బోడి చేతుల్తో లోపలికి పంపకూడదు!" సిస్టర్‌కు కోపమొచ్చింది. నాకు అమ్మ మీదా సిస్టర్ మీదా ఇద్దరి మీదా వచ్చింది.

"మీరు మీ పని చేసుకోండి, నేను తీస్తా" అన్నాను. వాళ్ళు కుడిచేతికి సూది పెడుతుంటే నేను ఎడమచేతి దగ్గర కూర్చున్నాను. సంచిలో ఉన్న పల్చటి కవరు గాజుల కిందికి దోపి, సబ్బునీళ్ళు పోసి, బొటనవేలు అరచేతిలోకి మడిచి జార్చాను. ఇరవై ఏళ్ళుగా ఎన్ని చేతులకు తొడిగానో, ఎన్నింటికి తీశానో. ఎప్పుడూ నా చెయ్యి తప్పలేదు. నిన్న తప్పింది. ఒక గాజు పగిలి నా వేలికి గీసుకుంది. మిగతావన్నీ, తర్వాత కుడిచేతివీ వచ్చాయి. చున్నీ కొంగున ముడి వేసుకున్నాను. ముడి ఇంకా విప్పలేదు.

మగపిల్లాడు. అమ్మ అన్నవాటిలో అదొక్కటే నిజమైంది. నెలలు నిండలేదు కాబట్టి చిన్నగా ఉన్నాడు, పసిపిల్లల వార్డులో అద్దాల పెట్టెలో పెట్టారు. ఏడ్చాడట, గట్టిగానే. సుహైల్ వెళ్ళి చెవిలో అజాన్ చెప్పి వచ్చాడు.

ఉజ్మా మాత్రం లేవలేదు. లివర్ దెబ్బతింది, కిడ్నీలు సరిగా పనిచెయ్యడం లేదు, ఊపిరి మిషన్ మీద ఉంది. కాన్పుల ఐసీయూలో పెట్టారు. మూడు నాలుగు రోజులు గడిస్తే గానీ చెప్పలేమన్నారు.

"ఈ ఉబ్బు ఎప్పటి నుంచి?" అని డాక్టర్ గారు అడిగారు. అమ్మ సుహైల్ వైపు చూసింది. సుహైల్ నేల వైపు చూశాడు. "బుధవారం నేను చూశానండీ" అన్నాను. ఆవిడ రాసుకుని వెళ్ళిపోయారు. తిట్టి ఉంటే బాగుండేది.

అమ్మకు చెప్పాను కదా. అమ్మకు చెబితే చెప్పినట్టే కదా.

కాదు. చెప్పినట్టు కాదు. దాని మొహాన చెప్పాలి. అంత పౌరుషం ఎందుకే నీకు, నజీమా?

ఆగస్టు 3, ఆదివారం

లోపలికి పూటకు ఒకరినే పంపుతారు. పొద్దున సుహైల్ వెళ్ళాడు. ఇంజన్ మొత్తం విప్పి గోనెపట్టా మీద పరిచి పెట్టేవాడు, పెళ్ళానికి పెట్టిన గొట్టాలు చూడగానే కళ్ళు తిరిగి పడ్డాడు. వాణ్ణి ఇద్దరు మోసుకొచ్చి బయట బెంచీ మీద పడుకోబెట్టి, మొహాన నీళ్ళు కొట్టారు. "మా పేషెంట్లు మాకు చాలు, ఈయన్ని మళ్ళీ పంపబాకండి" అని ధరణి సిస్టర్ చేతులెత్తి దణ్ణం పెట్టింది. అమ్మ గుమ్మం దాకా పోయి ఏడుపందుకుంటుంది, ఆమెనూ పంపలేరు. ఇక మిగిలింది నేను.

గౌను, టోపీ, మూతికి గుడ్డ. చేతులు మోచేతుల దాకా కడిగించారు.

అది ఉజ్మాలా లేదు. మొహం గుండ్రంగా ఉబ్బిపోయి, నోట్లో గొట్టం. మిషన్ ఊపిరి తీస్తే దాని గుండె లేస్తోంది. "మాట్లాడండక్కా. మత్తులో ఉన్నా కొంతమందికి వినపడుద్ది. తెలిసిన గొంతు వింటే మంచిది" అంది సిస్టర్.

తెలిసిన గొంతేనమ్మా, కాకపోతే రెండు నెలలుగా వినని గొంతు.

నోరు తెరిచాను. రాలేదు. చెయ్యి పట్టుకుని, అలవాటు కొద్దీ సైజు చూశాను. గాజులమ్మేవాళ్ళకు చెయ్యి నొక్కి చూస్తే చాలు, కొలబద్ద అక్కర్లేదు. రెండు నాలుగు చెయ్యి. కొట్లో అన్నిటికంటే పెద్ద రెండు పది గాజు కూడా ఎక్కదు.

ఆగస్టు 4, సోమవారం

మార్పు లేదు.

ఐసీయూ బయట హాల్లో ఎడ్లపాడు నుంచి వచ్చిన ఆంజనేయులు అనే మిర్చి రైతు ఉన్నాడు. వాళ్ళమ్మాయికి కాన్పయ్యాక రక్తం ఆగలేదట, ఇప్పుడు కుదుటపడింది. ఉజ్మా పక్క బెడ్డే. పెద్ద గొంతు, తెల్ల పంచె, ఊళ్ళో రాజకీయమంతా ఫోన్లోనే నడుపుతున్నాడు. నన్ను అదేపనిగా చూస్తుంటే ఏందా అనుకున్నాను.

"ఏమ్మా, నువ్వు ఆ గుమ్మడికాయ గాజులామెవి గదూ?"

ఐసీయూ ముందు కూడా ఆ రీలు నన్ను వదల్లేదు.

"మా అమ్మాయికి నువ్వంటే చానా ఇష్టమమ్మా. కడుపుతో ఉన్నప్పుడు నీ రీలు చూసి ఒకటే నవ్వేది. మా ఆవిడ యశోద, అంత నవ్వబాకే, కాన్పు ముందే అయిపోద్ది అనేది. ఓసారి లోపలికి పోయినప్పుడు దాన్నీ తిట్టిపోమ్మా, లేచి కూర్చుంటది. మందుల కంటే నీ తిట్టు బాగా పనిచేసేట్టుంది."

అమ్మకు నవ్వొచ్చింది. మూడు రోజుల తర్వాత అమ్మ నవ్వడం చూశాను. ముక్కూ మొహం తెలియని పిల్ల నా నోరు విని నవ్వుకుంది. నా ఇంటి పిల్లకు రెండు నెలలుగా నా నోటి మాట లేదు.

సాయంత్రం లోపలికి వెళ్ళి మాట్లాడాను.

ఏం మాట్లాడానో ఇక్కడ రాయను. మత్తులో ఉన్న మనిషితో మాట్లాడితే మాట్లాడినట్టు కాదు. లెక్కలోకి రాదు. సాక్షి ధరణి సిస్టర్ ఒక్కతే, ఆమె కూడా అటు తిరిగి ముక్కు తుడుచుకుంటోంది.

వచ్చేటప్పుడు ఆంజనేయులు గారి అమ్మాయిని కూడా తిట్టాను, ఆయన అడిగాడు కాబట్టి. "మీ నాన్న బయట అందరి బుర్రలూ తింటున్నాడు, తొందరగా లేచి ఇంటికి తీసుకుపో." ఆ పిల్ల నవ్వింది. కుట్లు లాగుతున్నాయని పొట్ట పట్టుకుని మరీ నవ్వింది.

ఆగస్టు 5

ఇవాళ కూడా మాట్లాడాను. లెక్కలోకి రాదు.

రెండు పది ఎక్కదు.

ఆగస్టు 6, బుధవారం

వ్రతం ఎల్లుండి. కొట్టు మూసి ఉంటే జనం షట్టర్ బాదుతున్నారని సుహైల్‌ను పంపించాను. ఆసుపత్రిలో ఎలాగూ ఎందుకూ పనికిరాడు. మధ్యాహ్నానికి ఎప్పుడూ నా దగ్గరే గాజులు కొనే ఒకామె ఫోన్ చేసింది.

"అక్కా, నీ తమ్ముణ్ణి ఎవరు కూర్చోబెట్టారు కొట్లో? గాజు తొడగమంటే నట్టు బిగించినట్టు తిప్పుతున్నాడు. ఎంతకీ ఎక్కట్లేదని గ్రీజు రాయమంటారా అని అడిగాడక్కా నన్ను!"

హాల్లో అందరికీ స్పీకర్‌లో వినిపించాను. ఆంజనేయులు గారు పంచెతో కళ్ళు తుడుచుకున్నారు.

సాయంత్రం వాడొచ్చి పగిలిన గాజుల కవరు నా ముందు పెట్టాడు. తిట్టబోయాను. వాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "అక్కా, అది బతుకుద్దా?" అన్నాడు. బతుకుద్దిరా అన్నాను. నాకేం తెలుసు? అయినా అన్నాను.

ఆగస్టు 7, గురువారం

మూత్రం వచ్చింది!

డాక్టర్ గారు స్వయంగా బయటికి వచ్చి చెప్పారు. కిడ్నీలు దారిలో పడుతున్నాయట, సంచీ నిండుతోందట, ఒంట్లో నీరు ఇక దిగుతుందట. బీపీ మాట వింటోందట. అమ్మ డాక్టర్ గారి చేతులు కళ్ళకద్దుకుంది. ఆంజనేయులు గారు మిఠాయి తెప్పించి హాలంతా పంచారు. ఎందుకని ఎవరో కొత్తవాళ్ళు అడిగితే "ఈళ్ళ కోడలికి ఒంటేలొచ్చింది" అని అరిచి చెప్పారు. ఆ వచ్చినాయన లడ్డూ చేత్తో పట్టుకుని తినాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాడు.

ఇవాళ పిల్లాడికి ఏడో రోజు, పేరు పెట్టాలి. తల్లి కళ్ళు తెరవందే పేరు లేదని నేను చెప్పేశాను. అద్దంలోంచి చూశాను వాణ్ణి. పిడికిలి బిగించి పడుకున్నాడు. ఆ మణికట్టుకు సరిపోయే గాజు ఇంకా ఎవరూ తయారుచేసి ఉండరు.

ఉజ్మా చెయ్యి పట్టుకున్నాను. రెండు పది. ఖచ్చితంగా రెండు పది. కాస్త బిగుతుగా, అంతే.

ఆగస్టు 8, శుక్రవారం

యశోద గారు పొద్దున్నే ఇంట్లో వ్రతం చేసుకుని, శనగలు పట్టుకుని ఎడ్లపాడు నుంచి బస్సులో వచ్చారు. అమ్మకూ నాకూ వాయనం ఇచ్చారు. వాళ్ళమ్మాయిని వార్డుకు మారుస్తున్నారు. నా సంచిలో ఉన్న ఎర్ర గాజులు తొడిగాను ఆ పిల్లకు, రెండు ఆరు. డబ్బులిస్తామంటే తిట్టాను. దానికీ నవ్వింది.

ఉజ్మా రెండు ఎనిమిది.

ఆగస్టు 9, శనివారం

గొట్టం తీశారు. సొంతంగా ఊపిరి తీసుకుంటోంది. కళ్ళు తెరిచింది.

అల్లా. అల్లా. ఇంకేం రాయను.

ఆగస్టు 10, ఆదివారం

రాయాల్సి వచ్చింది. భయంగా ఉంది.

పొద్దున డాక్టర్ పూర్ణిమ గారు నన్ను పక్కన నిలబెట్టుకుని ఉజ్మాను ప్రశ్నలడిగారు. ఫిట్స్ వచ్చినవాళ్ళకు మెదడులో ఏమన్నా తేడా చేసిందేమో చూడాలట. గొంతు బొంగురుగా, మెల్లగా చెప్పింది.

"నీ పేరేంటమ్మా?"

"ఉజ్మా."

"ఏ ఊరు?"

"పేట."

"మీ ఆయన పేరు?"

"సుహైల్." చెబుతూ కొంచెం నవ్వింది కూడా.

"ఈమె ఎవరు?"

నా వైపు చూసింది. చూసి, కళ్ళు పక్కకు తిప్పుకుంది. డాక్టర్ గారు మళ్ళీ అడిగారు. "చూడమ్మా, ఈమె ఎవరో చెప్పు." ఉజ్మా పైకప్పు వైపు చూస్తూ ఉండిపోయింది.

డాక్టర్ గారి మొహం మారింది. కొన్నిసార్లు చూపు సరిగా ఆనదట, కొన్నిసార్లు కొందరు గుర్తురారట. రేపు తలకు స్కానింగ్ చేద్దామన్నారు.

నేను గుర్తులేను దానికి. అందరూ గుర్తున్నారు, నేను తప్ప. నాకు ఇలాగే కావాలి. రెండు నెలలు దాని ముందు గోడలా తిరిగాను. గోడను ఎవరు గుర్తు పెట్టుకుంటారు?

చెయ్యి నొక్కి చూడ్డం కూడా మర్చిపోలేదు. రెండు ఎనిమిది వదులు. దిగుతున్నది ఉబ్బేనా, ఇంకేమన్నానా?

ఆగస్టు 11, సోమవారం

నవ్వి నవ్వి నా దవడలు నొప్పి పుడుతున్నాయి.

స్కానింగ్‌కు స్ట్రెచర్ మీద బయటికి తెచ్చారు. ఆ కాస్త దూరం అమ్మనూ నన్నూ పక్కన నడవనిచ్చారు. నేను మాట్లాడే ధైర్యం లేక, చెయ్యి పట్టుకుని నొక్కుతూ నడుస్తున్నాను. ఉజ్మా అమ్మ వైపు తల తిప్పింది.

"అత్తా."

"ఏందమ్మా? ఏందమ్మా నా తల్లీ?"

"ఆమెకు చెప్పండి. అట్టా పిసకొద్దని. నొప్పి పుడతంది."

నడవలో నిలబడిపోయాను. స్ట్రెచర్ ముందుకు పోయింది, నేను అక్కడే. నాకు మొదట నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో తెలియదు గానీ గట్టిగా వచ్చింది. ఇది నన్ను మర్చిపోలేదు! దీనికి బ్రహ్మాండంగా గుర్తుంది! చావు అంచు దాకా పోయొచ్చి కూడా అలక వదల్లేదు, ఈ రాక్షసి!

పరిగెత్తి డాక్టర్ గారిని పట్టుకున్నాను. "స్కానింగ్ అక్కర్లేదు మేడం! మెదడు మొత్తం ఉంది! మాకు మాటల్లేవు మేడం, జూన్ నుంచి మాటల్లేవు!" ఆవిడ నన్నూ స్కానింగ్‌కు పంపాలా అన్నట్టు చూశారు. అమ్మ కూర్చోబెట్టి రీలు కథంతా చెప్పింది. ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. అయినా స్కానింగ్ చేయించారు. అంతా బాగుంది. ఆవిడ చదువు ఆవిడది.

వెళ్ళేటప్పుడు నాతో ఒక మాట అన్నారు. "ఈసారి ఎవరికన్నా చేతులు ఉబ్బితే అత్తగారితో చెప్పించకండి. నాకు చెప్పండి." తిట్టు కాదు అది, కానీ తిట్టు కంటే బాగా తగిలింది. తగలాలి కూడా.

ఆగస్టు 13

వార్డుకు మార్చారు. రెండు ఆరు.

నాతో మాట్లాడదు. "అత్తా, ఆమెకు చెప్పండి, ఫ్యాను తగ్గించమని." తగ్గించాను. "అమ్మా, ఆమెకు చెప్పు, గంజి తాగమని." తాగింది. అమ్మ మెడ పట్టుకుని "మళ్ళీ మొదలెట్టారా నాయనో" అని మూలిగింది. ఆ మూలుగు కూడా ఎంత సంతోషంగా మూలిగిందో.

ఆగస్టు 16, శనివారం

పిల్లాణ్ణి తెచ్చి ఉజ్మా పక్కన పడుకోబెట్టారు. వేళ్ళు లెక్కపెట్టుకుంది, చెవులు చూసుకుంది. ఆదిల్ అంది. ఆ పేరే ఖాయం. సుహైల్ ఈసారి పడిపోలేదు, మంచం ముందే గట్టిగా పట్టుకున్నాడు.

చెయ్యి పట్టుకుని చూశాను. రెండు నాలుగు.

మళ్ళీ చూశాను. రెండు నాలుగే. ఆ చిన్న చెయ్యి తిరిగొచ్చేసింది.

చున్నీ ముడి విప్పాను. ఇన్నాళ్ళూ ఏ చున్నీ వేసుకున్నా కొంగు మార్చి కట్టుకుంటూ వచ్చిన ముడి. ఆకుపచ్చ గాజులు ఒక్కొక్కటే ఎక్కించాను. సూది గుచ్చిన మచ్చలు తగలకుండా మెల్లగా. అయిపోయాక చెయ్యి ఆడించింది. గలగలమంది. వార్డులో పక్క మంచాల వాళ్ళు కూడా తల తిప్పి చూశారు.

ఉజ్మా లెక్కపెట్టింది.

"అత్తా, ఆమెకు చెప్పండి. ఎడమచేతికి ఒక గాజు తగ్గిందని."

"పగిలిందే!" అన్నాను. "నీ చెయ్యి గుమ్మడికాయ చేసుకుని పడుకుంటే నేనేం చెయ్యను?"

అప్పటికే నాలుక కరుచుకున్నాను. ఉజ్మా మొహం వెలిగిపోయింది.

"ఓడిపోయావు ఆపా." అక్కను పిలిచినట్టు నన్ను ఆపా అని రెండు నెలల తర్వాత పిలిచింది.

"ఓడితే ఓడాలే, పోవే."

"ఇది రెండోసారి." నా వేలు పట్టుకుంది, గాజు గీసుకున్న వేలు. "మొదటిది ఐసీయూలో."

వేలు లాక్కోబోయాను. "అప్పుడు నువ్వు మత్తులో ఉన్నావు."

"బావిలోంచి వినపడ్డట్టు వినపడింది. మిగతాయి ఏమీ గుర్తులేవు ఆపా. నీ గొంతొక్కటే. ‘లేవవే. నీ ఫోన్ చార్జింగ్ పెట్టి ఉంచా. ఎన్ని రీళ్ళన్నా తీసుకో, ఊరంతా నవ్వినా పర్లేదు. నువ్వు లేకపోతే నేనెవర్ని తిట్టను?’ అన్నావు. అన్నావా లేదా?"

ధరణి సిస్టర్ అప్పుడే మందులివ్వడానికి వచ్చింది. "అంది. రోజూ అంది" అని సాక్ష్యం చెప్పేసి, ఏమీ ఎరగనట్టు పక్క మంచానికి పోయింది.

ఏడుపొచ్చింది నాకు. ఈసారి ఏడ్చాను, అందరి ముందే. "చేతులు ఉబ్బినయ్యని నీకే చెప్పాల్సింది. అమ్మతో చెప్పి ఊరుకున్నా."

"తల పగిలిపోతందని నేనూ నీకే చెప్పాల్సింది. నువ్వైతే ఆ రోజే జుట్టు పట్టుకుని ఆసుపత్రికి లాక్కుపోయేదానివి." నా వేలు వదలకుండా అంది, "ఇంకెప్పుడన్నా మాటల్లేకపోయినా, ఒంట్లో బాగోలేదంటే మాట్లాడాలి. అది ఓడినట్టు కాదు. సరేనా?"

సరేనన్నాను. అమ్మ పైకి చూసి చేతులెత్తింది. "ఇన్నాళ్ళకు నా మెడ నాకిచ్చారు."

ఆగస్టు 20

ఇంటికొచ్చాం. బీపీ మాత్రలు ఇంకా వేసుకోవాలి, వారానికోసారి చూపించుకోవాలి. ఆదిల్ గొంతు మా వంశం గొంతే, వీధి చివరిదాకా వినిపిస్తోంది. ఆంజనేయులు గారు ఎండుమిర్చి బస్తా పంపారు, "తిట్లలోకి ఘాటు కోసం" అని కబురు.

ఆగస్టు 27, బుధవారం

వినాయకచవితి. కొట్టు కిటకిట. పిడుగురాళ్ళ నుంచి ఒక పిల్ల వచ్చింది, ఏడో నెల, గాజులు కావాలని. చెయ్యి పట్టుకోగానే తెలిసింది. పాత గాజులు బిర్రుగా పట్టేసి ఉన్నాయి. వెంట వచ్చిన అత్తగారు మురిసిపోతోంది. "చూశారా, మా కోడలు ఎట్టా ఒళ్ళు చేసిందో!"

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఒళ్ళు కాదమ్మా, ఉబ్బు! గాజులు నేనియ్యను, ముందు ఆసుపత్రికి పో! బీపీ చూపించుకుని ఆ చీటీ పట్టుకుని రా, అప్పుడు తొడుగుతా. ఏంది చూస్తావు, నీ కోడలు నీకు కావాలా, వద్దా? లే!" కొట్టు దిగి నేనే ఆటో పిలిచి ఎక్కించాను.

సాయంత్రం ఆ అత్తగారు ఫోన్ చేసింది. బీపీ ఎక్కువుందట, మందులిచ్చారట, మంచివేళ తెచ్చారన్నారట. "నీ నోరు చల్లగుండా" అంది. నా నోటికి ఇలాంటి దీవెన ఎప్పుడూ రాలేదు.

అంతా బాగానే ఉంది. ఇంటికొచ్చేసరికి ఉజ్మా మంచం మీద ఆదిల్‌ను వేసుకుని, ఫోన్ చూసుకుంటూ విరగబడి నవ్వుతోంది. పక్కన సుహైల్ నన్ను చూసి నెమ్మదిగా చెప్పులేసుకుంటున్నాడు. కొట్లో సాయం చేస్తానని వచ్చిన ఈ వెధవ, పెళ్ళాం చెప్పిందని నా వెనక నిలబడి మొత్తం ఫోన్‌లో తీశాడు. పాట కూడా తగిలించారు. మధ్యాహ్నానికే ఊరంతా చూసిందట. డాక్టర్ పూర్ణిమ గారు వాళ్ళ సిస్టర్లందరికీ పంపారట.

"ఎన్ని రీళ్ళన్నా తీసుకో అన్నావుగా ఆపా" అంది.

నేను అమ్మ వైపు తిరిగాను.

"అమ్మా, ఆమెకు చెప్పు. నేను ఆమెతో మాట్లాడనని."

"అత్తా, ఆమెకు చెప్పండి. అన్నం చల్లారిపోతందని."

అమ్మ మెడ పట్టుకుంది. లోపల ఉజ్మా పిల్లాణ్ణి జోకొడుతోంది, గాజులు గలగలమంటున్నాయి. ఎవరు ముందు మాట్లాడతారో చూస్తాను.